సాయంత్రం కేంద్రంలో అక్కకు తోడెవరు?

(బడి తర్వాత పిల్లల కోసం సాయంకాల కేంద్రాలు నడిపే కార్యకర్తలు, పర్యవేక్షకుల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకు వినిపిస్తోందా? ఫ్యాను కింద కూర్చున్నవాళ్ళు తలూపుతున్నారు, ఫ్యాను లేనివాళ్ళు ఊపడం లేదు. సరే, కాస్త గట్టిగానే మాట్లాడతాను.

నాకిచ్చిన కాగితంలో "నాణ్యమైన సాయంకాల కేంద్రాలు: సిబ్బంది, కార్యక్రమాలు" అని రాసి ఉంది. కార్యక్రమాల మీద మీ చేతుల్లో ఇప్పటికే ఒక లావుపాటి పుస్తకం ఉంది. ఆటలు, పాటలు, కాగితంతో చేసే బొమ్మలు అన్నీ అందులో ఉన్నాయి. అందుకని నేను సిబ్బంది వైపే ఎక్కువ మొగ్గుతాను. నా అభిప్రాయం దాచుకోవడం దేనికి, ముందే చెప్పేస్తాను. కేంద్రంలో పిల్లల ముందు కూర్చునే అక్కను మనం పట్టించుకోకపోతే ఆ లావుపాటి పుస్తకం మూడో వారానికల్లా బీరువా ఎక్కుతుంది. కేంద్రం ట్యూషన్ అయిపోతుంది. ఎందుకలా అవుతుందో చెప్పడానికే వచ్చాను.

బడి నాలుగింటికో నాలుగున్నరకో వదులుతారు. అమ్మ మిరపకాయల కోతకో, బట్టల షాపుకో, అపార్ట్‌మెంట్లలో పనికో వెళ్ళి ఉంటుంది. ఇల్లు చేరేసరికి ఏడవుతుంది. నాన్న సంగతి మీకు తెలుసు. (నవ్వులు) ఉన్నవాళ్ళ పిల్లలకు ఆ మూడు గంటల్లో కరాటే, అబాకస్, సంగీతం, స్కేటింగు. లేనివాళ్ళ పిల్లలకు ఫోను, వీధి, చంకలో చెల్లెలు. బడిలో అందరికీ ఒకే పాఠం చెప్పినా పిల్లల మధ్య తేడా పెరిగేది ఎక్కడ అని అడిగితే, నేను ఈ మూడు గంటల్ని చూపిస్తాను.

ఇది మన దగ్గర నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదు. పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, రేడియోలో పిల్లల కార్యక్రమాలు నడిపిన "రేడియో అన్నయ్య" న్యాయపతి రాఘవరావు గారు, "రేడియో అక్కయ్య" కామేశ్వరి గారు. బడిలో కాని వేళల్లో పిల్లల్ని పోగుచేసి పాడించారు, ఆడించారు, నాటికలు వేయించారు, బాలానంద సంఘం నడిపారు. ఢిల్లీలో నెహ్రూ చొరవతో 1956లో బాల భవన్ వచ్చింది. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లో జవహర్ బాల భవన్ ఉంది. అక్కడ సంగీతానికి సంగీతం వచ్చినవాళ్ళుంటారు, బొమ్మలకు బొమ్మలు వేసేవాళ్ళుంటారు. మన ఊళ్ళో కేంద్రంలో అన్నిటికీ కలిపి ఒకే అమ్మాయి. ఇంటరో డిగ్రీయో చదివి, పెళ్ళయి, ఇంట్లో అందరికీ వండిపెట్టి వచ్చిన అమ్మాయి. ఆమే పాట పాడాలి, లెక్క చెప్పాలి, ముక్కు చీదించాలి, రిజిస్టరు రాయాలి, ఫొటో తీసి గ్రూపులో పెట్టాలి. గ్రూపులో ఫొటో పెట్టకపోతే ఫోనొస్తుంది. పాట పాడకపోతే మాత్రం ఎవరూ ఫోన్ చెయ్యరు.

ఇప్పుడు ట్యూషన్ సంగతి. కేంద్రం మొదలుపెట్టిన వారానికి ఒక తల్లి వస్తుంది. "ఏమ్మా, మావాడు ఇక్కడ ఆడుకుంటున్నాడంట, హోంవర్కు చేయించవా?" అంటుంది. తప్పు పట్టడానికి లేదు. పక్క వీధిలో నెలకు ఐదొందలు తీసుకుని హోంవర్కు చేయించే ట్యూషన్ ఉంది, మనం ఉచితంగా ఆటలాడిస్తున్నాం. ఆమె లెక్క ఆమెది. అక్కకు ఆ రోజు ఏం చేయించాలో ముందుగా అనుకున్న పథకం ఉంటే "చివర ఇరవై నిమిషాలు హోంవర్కు చేయిస్తానక్కా, ముందు ఇది చేస్తాం" అని చెప్పగలదు. పథకం లేకపోతే? పుస్తకాలు తియ్యండ్రా అంటుంది. పిల్లలు తీస్తారు. గది నిశ్శబ్దంగా ఉంటుంది. తల్లికి సంతోషం, చూడ్డానికి వచ్చిన పర్యవేక్షకుడికి సంతోషం. చదవడం రాని పిల్లవాడు పక్కవాడి నోటుపుస్తకంలోంచి గీతలు గీతలుగా ఎక్కించుకుంటూ ఉంటాడు. వాడి హోంవర్కూ పూర్తవుతుంది.

హోంవర్కు వద్దని నేననడం లేదు. పదో తరగతి పిల్లలకు బడిలోనే స్టడీ అవర్లు పెడతారు, అక్కడ ఆ అవసరం వేరు. మన దగ్గరికి వచ్చేది ఎక్కువగా రెండు నుంచి ఏడు దాకా చదివే పిల్లలు. వాళ్ళల్లో ఐదో తరగతి చదువుతూ రెండో తరగతి పేరా చదవలేని పిల్లలు మీ అందరి కేంద్రాల్లోనూ ఉన్నారు. వాళ్ళ చేత ఐదో తరగతి హోంవర్కు చేయిస్తే ఎక్కడి వెలితి అక్కడే ఉంటుంది.

ఈ సాయంత్రం పని నిజంగా ఫలిస్తుందా అని అడిగేవాళ్ళుంటారు. మీలోనూ ఉన్నారు, ఇందాక టిఫిన్ దగ్గర ఒకాయన అడిగారు. మూడు చోట్ల సంగతి చెబుతాను.

మొదటిది ఉత్తరప్రదేశ్‌లో జౌన్‌పూర్ జిల్లా, 2005-06 ప్రాంతం. పిల్లల చదువు మీద పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 65 ఊళ్ళలో ఊరివాళ్ళనే కూర్చోబెట్టి, మీ పిల్లలకు చదవడం వచ్చో రాదో మీరే చూసుకోండి అని చెప్పి, వలంటీర్లకు శిక్షణ ఇచ్చి, బడి వేళ కాని వేళ చదివించే తరగతులు పెట్టించింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, రుక్మిణీ బెనర్జీ, ఇంకొందరు పరిశోధకులు కలిసి దాని ఫలితాన్ని కొలిచారు. అక్షరం ముక్క రాని పిల్లల్లో ఆ తరగతులకు వచ్చినవాళ్ళు బాగా ముందుకు కదిలారు. అది మంచి కబురు. ఊళ్ళో పిల్లలందరినీ లెక్కేస్తే ఆ తరగతులకు వచ్చింది మాత్రం 8 శాతమే. ఆ వలంటీర్లకు జీతం లేదు. జీతం లేని పని మంచి మనసుతో మొదలవుతుంది. ఆ మనసు ఎన్నాళ్ళుంటుందనేది ఇంట్లో అత్తగారి మీద, పొలం పని మీద, పెళ్ళి సంబంధాల మీద ఆధారపడి ఉంటుంది.

రెండోది మన పక్కనే, తమిళనాడు. కోవిడ్‌లో బడులు మూసేశాక 2021 అక్టోబరులో "ఇల్లం తేడి కల్వి" అని మొదలుపెట్టారు. ఇంటి గుమ్మానికే చదువు అన్నమాట. ఒకటి నుంచి ఎనిమిది దాకా చదివే పిల్లలకు రోజూ సాయంత్రం గంట, గంటన్నర. ఇంటి అరుగు మీద, అంగన్‌వాడీలో, గుడి మండపంలో, ఎక్కడ చోటుంటే అక్కడ. సుమారు రెండు లక్షల మంది వలంటీర్లు, దాదాపు అందరూ ఆడవాళ్ళే, వాళ్ళ ఊళ్ళోనే ఉండేవాళ్ళు. చిన్న తరగతులకైతే ఇంటరు, పై తరగతులకైతే డిగ్రీ ఉండాలన్నారు. ఒక్కొక్కరికి ఇరవై మంది పిల్లలు అని పెట్టుకున్నారు. అభిజీత్ సింగ్, మౌరీషియో రొమేరో, కార్తీక్ మురళీధరన్ అనే పరిశోధకులు అక్కడి పల్లెల్లో సుమారు 19,000 మంది పిల్లల్ని పరిశీలించారు. బడులు తెరిచిన ఆరు నెలల్లో, కోవిడ్‌లో పోయిన చదువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. అలా తిరిగొచ్చిన దాంట్లో దాదాపు నాలుగో వంతు ఈ సాయంత్రం తరగతుల వల్లేనని వాళ్ళ లెక్క. ఎక్కువ వెనకబడిన పిల్లలే ఎక్కువ కోలుకున్నారు కూడా.

ఇక వాళ్ళ గౌరవ వేతనం నెలకు వెయ్యి రూపాయలు. ఒక్క నిమిషం మనమూ లెక్క వేద్దాం. రోజుకు గంటన్నర చొప్పున నెలకు 22 రోజులనుకుంటే 33 గంటలు. గంటకు ముప్పై రూపాయలు. దాంట్లో పిల్లల్ని పిలుచుకు రావడం, రేపటికి సిద్ధం చేసుకోవడం కలపలేదు. ఇంత చవకగా ఇంత పని జరిగిందని కొందరు మురిసిపోతారు. నేను మురిసిపోలేను. కోవిడ్ లాంటి విపత్తులో ఊరంతా ఒక చెయ్యి వేస్తుంది, అది ఊరి గొప్పతనం. విపత్తు దాటాక కూడా అదే రేటు మీద ఏళ్ళ తరబడి నడుపుదామంటే అది ఆ అమ్మాయిల వేళను దోచుకోవడమే.

మూడోది ఢిల్లీ. 2015లో సాయంత్రం కేంద్రాల్లో పిల్లలకు కంప్యూటర్ మీద చదువు చెప్పించి చూశారు. నలభై ఐదు నిమిషాలు కంప్యూటరు, నలభై ఐదు నిమిషాలు చిన్న గుంపుగా ఒక సహాయకుడి దగ్గర. నాలుగున్నర నెలల్లో లెక్కల్లో, హిందీలో మంచి మెరుగుదల కనిపించింది. ఎందుకంటే ఆ సాఫ్ట్‌వేరు పిల్ల ఏ తరగతి అని అడగలేదు, పిల్లకు ఏమొచ్చో చూసి అక్కణ్నుంచి మొదలుపెట్టింది. అక్కడ కూడా పిల్లలు సగటున వచ్చింది నూటికి 58 రోజులే. ఇది హాజరు గురించి అక్కల్ని దులిపేసే పర్యవేక్షకులు వినాలి. డబ్బూ, కంప్యూటర్లూ, పరిశోధకులూ ఉన్నచోటే పరిస్థితి అది. మీ కేంద్రంలో ఇరవైలో పద్నాలుగు మంది వస్తే ఆ అమ్మాయికి చప్పట్లు కొట్టండి. (చప్పట్లు)

అమెరికాలో ఈ కార్యక్రమాల మీద చాలా ఏళ్ళుగా పని జరిగింది. జోసెఫ్ డర్లాక్, రోజర్ వైస్‌బర్గ్ అనే ఇద్దరు, వాళ్ళ జట్టు, సుమారు డెబ్భై కార్యక్రమాల ఫలితాలు పక్కపక్కన పెట్టి చూశారు. 2010లో అచ్చయింది. పిల్లలకు మేలు జరిగిన చోట్ల నాలుగు లక్షణాలు కలిసి కనిపించాయి. నేర్పేది మెట్టు మెట్టుగా నేర్పారు. పిల్లల చేత చేయించారు, ఉపన్యాసం ఇవ్వలేదు. దానికంటూ వేళ కేటాయించారు. ఏం నేర్పుతున్నామో నేర్పేవాళ్ళకు స్పష్టంగా తెలుసు. ఈ నాలుగూ లేని కార్యక్రమాల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. గది ఉంది, పిల్లలున్నారు, బిస్కెట్లున్నాయి, అంతే. నేను కూడా ఉపన్యాసమే ఇస్తున్నాననుకోండి, మధ్యాహ్నం చేతికి పని చెబుతాను.

ఆ నాలుగూ మన కేంద్రంలో ఎలా ఉంటాయో ఒక సాయంత్రం చూపిస్తాను.

ఐదింటికి పిల్లలు వస్తారు. రాగానే హాజరు పిలవొద్దు. ఆకలితో ఉన్నారు. మధ్యాహ్నం పన్నెండున్నరకు తిన్నదే. కాళ్ళూ చేతులూ కడుక్కుని, గుప్పెడు ఉడికించిన శనగలో, పెసర గుగ్గిళ్ళో, వేరుశనగ పట్టీయో తింటారు. ఎవరు వచ్చారో అక్క చూపుతోనే లెక్కపెట్టుకుంటుంది. రిజిస్టరు తర్వాత. ఒక పావుగంట బయట ఆట. ఏడు పెంకులాటో, తొక్కుడుబిళ్ళో వాళ్ళిష్టం. ఈ పావుగంట తీసేస్తే తర్వాతి గంట మీ చేతిలో ఉండదు.

తర్వాత గుండ్రంగా కూర్చుంటారు. ఒక పాట, నిన్నటి నుంచి ఈ రోజుకు ఏం జరిగిందో ఒక్కో మాట. "మా మేక ఈనింది" అంటుందొక పిల్ల. "రెండు." చాలు, ఆ మాట బోర్డు మీద రాయండి. ఆ రోజు చదువు అక్కణ్నుంచే మొదలుపెట్టొచ్చు. అక్షరాల్లో ఉన్నవాళ్ళు "మేక"లో మొదటి అక్షరం వెతుకుతారు, పదాల్లో ఉన్నవాళ్ళు పదం చదువుతారు, పేరా చదవగలిగినవాళ్ళు మేక గురించి మూడు వాక్యాలు రాస్తారు. అక్షరం, పదం, పేరా, కథ, ఈ నాలుగు గుంపుల పద్ధతి మీకు తెలిసిందే. కథల గుంపుకు పుస్తకం ఇచ్చి వదిలేయండి. "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థవో, ప్రథమ్ బుక్స్ వాళ్ళవో చిన్న కథల పుస్తకాలు ఒక ముప్పై ఉంటే ఒక కేంద్రానికి ఏడాది గడుస్తుంది. ఫోను ఉన్న అక్కలు స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా తీసుకోవచ్చు.

ఇప్పుడు లెక్కలు. మూలన ఇద్దరు వామనగుంటలు ఆడుతున్నారు. పలక లేదు. కోడిగుడ్ల అట్టను కత్తిరించి ఏడేసి గుంటలు రెండు వరసలు చేసింది అక్క. మొత్తం 14 గుంటలు, గుంటకు నాలుగు చొప్పున చింతగింజలు. ఆడే ఇద్దరిలో ఒకరు మూడో తరగతి పాప, ఇంకొకడు ఐదు చదివే పిల్లాడు. పాప ఒక గుంటలోంచి గింజలు తీసి పంచబోతుంది. అక్క అడుగుతుంది, "ఆగు. చివరి గింజ ఎక్కడ పడుతుంది? వెయ్యకముందే చెప్పు." పాప గింజల్ని గుప్పిట్లో పెట్టుకుని కళ్ళతోనే గుంటలు లెక్కపెడుతుంది, పెదాలు కదులుతుంటాయి. వేలితో ఒక గుంట చూపిస్తుంది. వేస్తే అక్కడే పడుతుంది. ఐదో తరగతివాడికి ఒళ్ళు మండుతుంది, వాడూ ముందే చెప్పడం మొదలుపెడతాడు. ఆట అయ్యాక పాప తన గింజలు లెక్కపెట్టుకుంటే 34 ఉన్నాయి. అక్క వాణ్ని అడుగుతుంది, "నీవి ఎన్ని? లెక్కపెట్టకుండా చెప్పు." మొత్తం 56 అని తెలిసినవాడు, వాటిలోంచి 34 తీసేస్తే 22 అని నోటితో చెబుతాడు. బడిలో అదే తీసివేత పలక మీద ఇస్తే వాడు వేళ్ళు చూసుకుంటాడు.

మెట్టు మెట్టుగా ఉందా? ఉంది. ముందు నాలుగు గింజలు, రేపు ఆరు. చేత్తో చేస్తున్నారా? చేస్తున్నారు. దానికని వేళ ఉంది. ఏం నేర్పుతున్నానో అక్కకు తెలుసు. "ముందే చెప్పు" అన్న ఆ రెండు మాటలే ఇందులో గింజంత కిటుకు. అవి లేకపోతే అది ఆటే, మంచి ఆటే. అవి ఉంటే లెక్కల తరగతి.

ఆ రెండు మాటలు అక్కకు ఎక్కడి నుంచి వచ్చాయి? అంతకు ముందు శనివారం మధ్యాహ్నం చుట్టుపక్కల ఐదారు కేంద్రాల అక్కలు ఒకచోట కూర్చుని అదే ఆట తాము ఆడారు. ఆడుతుంటే ఒకామె "చివరి గింజ ఎక్కడ పడుతుందో ముందే చెబితే ఎలా ఉంటుంది" అంది. మిగతావాళ్ళు పట్టుకున్నారు. పుస్తకంలో చదివితే ఇది రాదు. శిక్షణ అంటే నాలాంటివాళ్ళు ఏడాదికోసారి వచ్చి మైకు పట్టుకోవడం కాదు. నెలకు రెండు శనివారాలు, రెండేసి గంటలు, తోటి అక్కలతో కూర్చోవడం. ఆ గంటలకు జీతం ఉండాలి, బస్సు చార్జీ ఉండాలి. అలాగే రోజూ పిల్లలు రాకముందు అరగంట తయారీకి. ఆ అరగంటకూ జీతమే. పిల్లల ముందు ఉన్న వేళకే డబ్బులిస్తామంటే తయారు కాకుండా రమ్మని మనమే చెప్పినట్టు.

సరే, ఇప్పుడు పర్యవేక్షకుల గురించి. మీరు నా మీద కోప్పడకూడదు. మామూలుగా విజిట్ ఎలా జరుగుతుంది? బండి ఆగుతుంది. పిల్లలు లేచి నమస్తే సార్ అంటారు. సార్ రిజిస్టరు అడుగుతారు, సంతకం పెడతారు, పిల్లల్ని నిలబెట్టి ఫొటో తీస్తారు, "కొంచెం హాజరు పెంచాలమ్మా" అంటారు, బండి వెళ్ళిపోతుంది. పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో అక్కకు దొరికిందేమీ లేదు, ఒక భయం తప్ప.

నలభై నిమిషాలు ఉండండి. నెలకు నాలుగు కేంద్రాలు తక్కువ చూసినా పరవాలేదు. మూలన పిల్లలతో పాటు చాప మీద కూర్చోండి. ఒక గుంపును మీరు తీసుకోండి, అక్క చేతులు కాస్త ఖాళీ అవుతాయి. అయ్యాక విడిగా మాట్లాడండి, పిల్లల ముందు వద్దు. మీకు నచ్చింది ఒకటి చెప్పండి, నచ్చిందనే కాదు, ఎక్కడ నచ్చిందో చెప్పండి. ఆ తర్వాత ఒకే ఒక ప్రశ్న. సలహా వద్దు, ప్రశ్న.

ఇలాంటి మాటే ఒకటి నా చెవిన పడింది. ఒక పెద్దావిడ పర్యవేక్షకురాలు, అక్కతో అంటున్నారు: "అమ్మాయ్, ఆ గళ్ళ చొక్కా పిల్లాడు ఇందాకటి నుంచి పుస్తకం తల్లకిందులుగా పట్టుకున్నాడు, చూశావా?"

"చూశానండీ. వాడికి చదవడం రాదు. ఆరో తరగతి. చిన్నపిల్లల గుంపులో కూర్చోమంటే రేపట్నుంచి రాడు. అందుకని కథల గుంపులోనే ఉండనిస్తున్నా. అందరూ వెళ్ళాక పది నిమిషాలు వాడితో కూర్చుంటున్నా."

ఆ పెద్దావిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ పది నిమిషాలు నీ వేళలో రాయడం లేదు కదా. రేపట్నుంచి రాయి" అన్నారు. విజిట్ అంటే అదండీ. సలహా చెప్పి ఉంటే ఏమనేవారు? "వాణ్ని అక్షరాల గుంపులో వెయ్యమ్మా" అనేవారు. పిల్లాడు పోయేవాడు.

అక్కకు ఇరవై మంది వరకూ చాలు. ముప్పై ఐదు మంది వస్తే సంతోషపడి ఊరుకోకుండా రెండో మనిషిని చూడండి. తొమ్మిదో తరగతి, పదో తరగతి పిల్లలు సాయం చేస్తామంటారు, చేయనివ్వండి. కథ చదివి వినిపించొచ్చు, ఆట నడపొచ్చు. అల్లరి చేసేవాణ్ని అదుపులో పెట్టే పని మాత్రం వాళ్ళ మీద పెట్టకండి. పద్నాలుగేళ్ళ పిల్ల చేతికి బెత్తం ఇచ్చినట్టే అవుతుంది.

బెత్తం అన్నాను కాబట్టి ఒక మాట. విద్యాహక్కు చట్టం 2009లోనే బడిలో పిల్లల్ని కొట్టడం, మాటలతో హింసించడం నిషేధించింది. మన కేంద్రానికీ అదే నియమం. అక్కలందరికీ ఇది చెబుతాం, సంతకం పెట్టిస్తాం. కొట్టకుండా ఏం చెయ్యాలో మాత్రం చెప్పం. ఇద్దరు కొట్టుకుంటున్నారు, గదిలో ఇంకా పద్దెనిమిది మంది ఉన్నారు, అక్క ఒక్కతే. అప్పుడేం చెయ్యాలి? ముందు వాళ్ళిద్దరి మధ్యకు నడిచి వెళ్ళి నిలబడాలి, దూరం నుంచి అరవకూడదు. మిగతావాళ్ళకు ముందే అలవాటు చేసిన ఒక పని ఉండాలి, అక్క రెండు చప్పట్లు కొడితే అందరూ కథల పుస్తకాలు తీసుకోవాలి. ఇద్దర్నీ వేర్వేరుగా కూర్చోబెట్టి, కోపం దిగాకే ఎవరి మాట వాళ్ళ చేత చెప్పించాలి. ఇది ఇద్దరిద్దరు అక్కలు పిల్లల్లా నటించి అభ్యాసం చెయ్యాల్సిన పని. మధ్యాహ్నం చేద్దాం, కొట్టుకోవడం మాత్రం నిజంగా వద్దు. (నవ్వులు)

భద్రత విషయంలో నవ్వులాట లేదు. ఎవరిని పనిలో పెట్టుకున్నా, వలంటీరైనా సరే, ఊళ్ళో విచారించకుండా, పోలీసు ధ్రువీకరణ లేకుండా పెట్టుకోవద్దు. పెద్దవాళ్ళెవరూ పిల్లతో మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. ఇందాకటి గళ్ళ చొక్కా పిల్లాడితో ఆ పది నిమిషాలూ తలుపు బార్లా తీసే ఉండాలి. చీకటి పడ్డాక పిల్లను ఎవరికి అప్పగించాలో పేర్లు ముందే రాసి ఉండాలి. "నేను వాళ్ళ బాబాయిని" అంటే చాలదు. పిల్ల ఏదైనా చెప్పుకుంటే వినాలి, తవ్వి తవ్వి అడగొద్దు, ఊళ్ళో పెద్దమనుషుల దగ్గర పంచాయితీ పెట్టొద్దు. పిల్లల మీద లైంగిక నేరాల గురించిన పోక్సో చట్టం 2012 ప్రకారం, అలాంటిది జరిగిందని తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడం నేరం. పిల్లల సహాయానికి ఫోన్ చేసే 1098 నంబరు గోడ మీద పిల్లల ఎత్తులో రాయండి. ఆ అక్క ఒక్కతే ఈ భారం మొయ్యకూడదు. ఆమె ఫోన్ చేస్తే రాత్రి పదింటికైనా ఎత్తే మనిషి పేరు మీరు ఇవాళే చెప్పాలి. ఆమె భద్రత కూడా చూడండి. ఏడింటికి కేంద్రం మూసి చీకట్లో నడిచి వెళ్ళేది ఆమే. వీధి దీపం కోసం పంచాయతీకి అర్జీ పెట్టడం పర్యవేక్షకుల పనే.

ఇంకో సంగతి. అక్కలు కాస్త చదువుకున్నవాళ్ళు, ఊళ్ళో అందరికీ తెలిసినవాళ్ళు. అందుకని ప్రతి సర్వేకీ, ప్రతి ర్యాలీకీ, ప్రతి సభకు జనాన్ని తీసుకురావడానికీ వాళ్ళే గుర్తొస్తారు. అంగన్‌వాడీ టీచర్లను అడగండి, చెబుతారు. మీ కార్యకర్తను కేంద్రం వేళలో ఎవరూ కదపకుండా చూడటం కూడా మద్దతే. దానికి శిక్షణ తరగతులు అక్కర్లేదు, కాస్త వెన్నెముక చాలు.

సెలవులు. అక్కకు జ్వరం వస్తే కేంద్రం మూతపడుతుంది. మూడు రోజులు మూతపడితే పిల్లలు వేరే దారి చూసుకుంటారు. ఐదు కేంద్రాలకు ఒక అదనపు అక్క ఉండాలి. ఆమె మామూలు రోజుల్లో ఒక్కో కేంద్రంలో సాయంగా కూర్చుంటుంది, ఎవరైనా రాకపోతే అక్కడికి వెళుతుంది. పిల్లలకు ముఖం తెలిసి ఉంటుంది. ఖర్చనుకుంటారు. మూతపడ్డ కేంద్రాన్ని మళ్ళీ నిలబెట్టడానికయ్యే తిరుగుడుతో పోలిస్తే ఏ మూలకు?

ఖర్చు మాట వచ్చింది కాబట్టి అంకెలు రాసుకోండి. ఇరవై మంది పిల్లలు, నెలకు 22 రోజులు. ఇవి నా అంచనా, మీ ఊరి ధరలను బట్టి మార్చుకోండి. అక్కకు రోజుకు మూడు గంటలు, తయారీ అరగంట అందులోనే. శనివారాలు నాలుగు గంటలు. మొత్తం 70 గంటలు. గంటకు వంద చొప్పున 7,000. గుగ్గిళ్ళకు పిల్లకు రోజుకు ఎనిమిది రూపాయలనుకుంటే 3,520. కాగితాలు, రంగులు, సుద్దముక్కలు 400. అదనపు అక్క జీతంలో ఐదో వంతు 1,400. మొత్తం 12,320. ఒక్కో పిల్లకు నెలకు 616 రూపాయలు. పక్క వీధి ట్యూషన్ ఐదొందలన్నాం, గుర్తుంది కదా. దాని మీద ఇంకో 116 వేసుకుంటే తిండీ, ఆటా, చదువూ, అడిగితే పలికే మనిషీ దొరుకుతున్నారు. దాతల దగ్గరికి వెళ్ళేటప్పుడు ఈ కాగితం పట్టుకెళ్ళండి. గోడలకు రంగులు వేయిస్తామని, టీవీ కొనిస్తామని వస్తారు దాతలు. రంగుల మీద పేరు రాయించుకోవచ్చు, జీతం మీద రాయించుకోలేరు. అయినా మొహమాటపడకుండా జీతమే అడగండి.

జీతం ఎంతన్నది ఒక ఎత్తు, ఎప్పుడన్నది ఇంకో ఎత్తు. తక్కువ జీతం వల్ల మానేసిన అక్కలకంటే, మూడు నెలలకోసారి పడే జీతం వల్ల మానేసినవాళ్ళే నాకు ఎక్కువ తెలుసు. ఒకటో తారీకున వస్తుందని తెలిస్తే ఆ ఇంట్లో ఆమె పనికి ఒక లెక్క ఉంటుంది. ఎప్పుడొస్తుందో తెలియని డబ్బుకు అత్తగారు "ఎందుకమ్మా ఆ తిరుగుడు" అంటుంది. రెండోసారి అన్నాక కేంద్రం తాళం మన చేతికొస్తుంది.

భోజనం వేళయింది. అక్కలు వెళ్ళండి, వేడిగా ఉండగానే తినండి. పర్యవేక్షకులు ఒక్క ఐదు నిమిషాలు ఆగండి. మీ కింద ఉన్న ఒక్కో కేంద్రానికి పోయిన మూడు నెలల జీతం ఏ తేదీన పడిందో కాగితం మీద రాసి నాకివ్వండి. మధ్యాహ్నం రెండింటికి ఆ కాగితాలతోనే మొదలుపెడతాం.